కిటికీ అద్దమునకు పట్టిన చెమట



గడచిన పుష్యమాసములో ఒకనాటి రాత్రి, మా ఇంట భోజనములు ముగిసి, వీథితలుపు గడియ వేయుటకు నేను లేచిన సమయమున, మా మేనల్లుడు టొరంటోనుండి ఫోను చేసినాడు. వానికి అక్కడ ఇంకను ఉదయమే. క్షేమసమాచారములను రెండు మాటలలో తేల్చివేసి, "మామయ్యా, కొత్తిల్లు కొని మూడు నెలలైనా కాలేదు, కిటికీలన్నీ కారిపోతున్నాయి. పొద్దున్న లేచేసరికి అద్దాల కింద చెక్కమీద నీళ్ళు మడుగు కడుతున్నాయి. కట్టినవాడు నిలువునా ముంచాడు. వకీలును పెట్టి కోర్టుకు లాగుదామనుకుంటున్నాను" అని ఒక్క గుక్కలో చెప్పివేసినాడు.

"నీళ్ళు అద్దానికి లోపలివైపా, బయటివైపా?" అని అడిగితిని.

"లోపలివైపే."

"బయట వానా?"

"వానేమిటి మామయ్యా! మైనస్ పదిహేను. చెంబెడు నీళ్ళు పోస్తే రాయై కూర్చుంటాయి."

"బయట చుక్క నీరు లేనప్పుడు, లోపల కారిన నీరెక్కడిదిరా?"

అవతల కొంతసేపు మాట లేదు. వాని మౌనమును చూచి నవ్వుకొనుటకు నాకును అధికారము లేదు. ఏలయన, ఆ ప్రశ్న వాని వయస్సులో నాకును తోచలేదు. తోచకపోగా, ఒక నెలపాటు నిరపరాధియగు ఒక కిటికీతో నేను సాగించిన యుద్ధము నేటికిని తలచుకొన్న సిగ్గు కలిగించుచున్నది.

1962వ సంవత్సరమున నేను చదువునిమిత్తమై ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమునకు పోయి, ఎఱ్ఱయిటుకలతో కట్టిన ఒక పాత ఇంట మేడమీది గది నొకదానిని అద్దెకు తీసికొంటిని. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు గల గది. అందులో ఒక మంచము, ఒక బల్ల, మీటరులో షిల్లింగు నాణెము వేసిన గాని వెలుగని ఒక గ్యాసు పొయ్యి, వీథివైపున ఒంటి అద్దపు పెద్ద కిటికీ. చలి కాచుకొనుటకు కిరసనాయిలుతో మండు హీటరు నొకదానిని సంతలో చవుకగా కొని తెచ్చుకొంటిని. కార్తికము దాటినది మొదలు ఆ కిటికీ చెమర్చుట ఆరంభించినది. డిసెంబరు మాసములో ఆ ఊర ఎనిమిది గంటలు దాటిన గాని తెల్లవారదు. దీపము వేసి చూచునప్పటికి అద్దము ఆసాంతము నీరుగారి యుండెడిది. ఇంటివద్దనుండి మా అమ్మ కట్టి పంపిన ఆవకాయ జాడీని నేను కిటికీ క్రింది చెక్కమీద ఉంచితిని. ఒకనాటి ఉదయము చూతునుగదా, జాడీకి కట్టిన వాసెనగుడ్డ తడిసి ముద్దయై, అంచులవెంట నల్లని బూజు పట్టియున్నది. తక్కిన నష్టములనైన సహింపవచ్చును గాని, పరదేశములో ఆవకాయకు వచ్చిన ఆపద నెట్లు సహింతును?

మాంచెస్టరు వానలకు పేరుపడిన ఊరు. కావున వాననీరే కిటికీ సందులగుండ లోనికి చొచ్చి వచ్చుచున్నదని నిశ్చయించుకొని, గోధుమపిండి ఉడికించి జిగురు చేసి, పాత వార్తాపత్రికలను పేలికలుగా చించి, మా ఊర గాలిపటములు అంటించుకొనిన నేర్పునంతయు వినియోగించి, చీమ దూరుటకైన సందు లేకుండ ఆ కిటికీని మూసివేసితిని. మరునాటినుండి నీరు రెట్టింపైనది. అత్తమీది కోపము దుత్తమీద చూపినవారి కథ మనకు తెలియనిదా? అయినను నేను ఇంకొక పొర కాగితము అంటించితిని.

ఆ శనివారము అద్దెకై వచ్చిన ఇల్లుగలావిడ గుమ్మములోనే నిలిచి గదిని ఒక్కసారి కలయజూచినది. ఒక మూల హీటరు మండుచున్నది. పొయ్యిమీద మూతలేని గిన్నెలో అన్నము కుతకుత ఉడుకుచున్నది. మంచపుకోడునుండి మేకువరకు కట్టిన దారముమీద, ఆ ఉదయమే పిండి ఆరవేసిన నా పంచె వ్రేలాడుచున్నది. ఆమె కిటికీ జోలికి పోలేదు. ముందు ఒక పళ్ళెము తీసి గిన్నెమీద బోర్లించినది; తరువాత పోయి, నా కాగితములను గోటితో చింపి, కిటికీ చట్రమును నాలుగంగుళముల మేర పైకి నెట్టినది. బయట సన్నని వాన పడుచున్నది. వాన కురియుచుండగా కిటికీ తెరచిన గది తడియక ఆరుట ఎట్లని అడిగితిని. "ఆరుతుంది అబ్బాయీ, రేపు చూడు" అన్నది. మరునాడు అద్దము అడుగున రెండంగుళముల మేర మాత్రము మసక. తక్కినదంతయు నిర్మలముగా నుండి, వీథికవతలి ఇండ్ల పొగగొట్టములు కనబడినవి.

వాన కురియునప్పటి గాలి, నా గదిలోని గాలికంటె ఎక్కువ పొడిది! ఈ మాట వినుటకు విపరీతముగా నుండును గాని, కొంచెము లెక్క వేసికొన్న విపరీతము తొలగును. నీటి ఆవిరి కంటికి కనబడదు. ఇడ్లీపాత్రనుండి తెల్లగా లేచునది నిజమునకు ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి మారిన సూక్ష్మజలకణముల సమూహము. కంటికి కనబడని అసలు ఆవిరి ఒక స్థలములో ఎంతవరకు ఉండగలదను విషయము ఆ స్థలముయొక్క వెచ్చదనముపై ఆధారపడును. ఒక ఘనపు మీటరు చోటున, 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 17 గ్రాముల ఆవిరి ఇమిడియుండగలదు. 30 డిగ్రీల వద్ద 30 గ్రాములు. 5 డిగ్రీల వద్ద 7 గ్రాములలోపు. నీరు గడ్డకట్టు సున్న వద్ద 5 గ్రాములలోపు. ఇంతకు మించిన ఆవిరి అచట ఆవిరిగా నిలువజాలదు, నీరై దిగవలసినదే. ఇక ఆనాడు బయట వీచుచున్న గాలి వాననీటితో పూర్తిగా సంతృప్తమైయున్నను, దాని శైత్యము 5 డిగ్రీలగుటచే, అందున్న ఆవిరి 7 గ్రాములకు మించదు. ఆ గాలియే గదిలోనికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కినప్పుడు, 17 గ్రాములు పట్టుచోట 7 గ్రాములే యున్నవిగదా. అనగా నూటికి నలుబది పాళ్ళు మాత్రమే నిండినది. అది ఇంకను తేమను గైకొనగల గాలి. నేను ప్రయాసపడి కాగితములంటించి వెలివేసినది ఈ మిత్రునే.

మరి లోపల నేను పోగుచేసిన నీరెంత? నా గది 30 ఘనపు మీటర్లు. 20 డిగ్రీల వద్ద అందులో ఇముడగల ఆవిరియంతయు కలిసి అరలీటరు నీటికి సమానము. మనుష్యుడు ఊరక పడుకొనియున్నను, ఊపిరివలనను చర్మమువలనను గంటకు సుమారు 40 గ్రాముల నీటిని గాలిలోనికి విడుచును. ఎనిమిది గంటల నిద్రలో అది 300 గ్రాములు దాటును. చేతితో పిండిన పంచె ఆరుటయనగా అందలి నీరు గదిగాలిలోనికి పోవుటయేగాని వేరొండు కాదు. అన్నపుగిన్నె తన వంతు చెల్లించును. వీనియన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది హీటరు. కిరసనాయిలుకును నీటికిని పొసగదని మనము నమ్ముదుము. కాని ఆ నూనెలోని ఉదజని మండునప్పుడు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరే యగుచున్నది. పొగగొట్టములేని హీటరులో లీటరు కిరసనాయిలు మండినచో, లీటరుకు కొంచెము మించిన నీరు ఆవిరిరూపమున గదిలోనే నిలుచును. చలి పోగొట్టుకొనుటకు నేను డబ్బాతో కొనితెచ్చుకొన్నది ఒకవిధముగా నీరే!

అరలీటరు పట్టుచోట ఇన్ని దిక్కులనుండి ఇంత ఆవిరి చేరినప్పుడు, అది ఎక్కడనో దిగవలయును. గోడమీద దిగక అద్దముమీదనే ఏల దిగినదన్నచో, ఆ గదిలో అన్నిటికంటె చల్లని వస్తువు అద్దము గనుక. బయట సున్న, లోపల 20 డిగ్రీలున్న రాత్రి, లావైన ఇటుకగోడ లోపలిముఖము 14, 15 డిగ్రీల వద్ద ఉండును. వేలెడు మందమైనను లేని ఒంటి అద్దపు లోపలిముఖము 5 డిగ్రీలకు దిగిపోవును. గదిగాలి సగము మాత్రమే నిండియున్నదనుకొన్నను, ఆ గాలి 9 డిగ్రీలకు చల్లబడగానే సంతృప్తమై, నీటిని విడువనారంభించును. ఇట్లు నీరు విడుచుటకు మొదలుపెట్టు ఉష్ణోగ్రతకే శాస్త్రజ్ఞులు తుషారస్థానమని పేరు పెట్టినారు. 15 డిగ్రీల గోడ ఆ స్థానమునకు పైన, 5 డిగ్రీల అద్దము క్రింద. గోడ పొడి, అద్దము తడి.

మన ఊళ్ళలో ఎండకాలమున ఐసునీళ్ళ గ్లాసునకు వెలుపల చెమట పట్టుట మీరెరుగుదురు. అదియు ఇదియే. అయితే మట్టికూజా వెలుపలి తడి దీనితో కలుపరాదు. కూజా తడి లోపలి నీరు మట్టిరంధ్రములగుండ ఊరి వచ్చినది, గ్లాసు తడి వెలుపలి గాలినుండి దిగినది. రెండును చేతికి చల్లగా తగులుటచే ఒకటియే యని భ్రమపడుదుము గాని, కూజాలో నీరు తరుగును, గ్లాసులో తరుగదు.

ఆ చలికాలమంతయు నాకు ఆ అద్దమును దగ్గరగా చూచు అలవాటు కలిగినది. మొదట ముఖము పెట్టి ఊదినట్లు ఒక తెల్లని మసక వచ్చును. కళ్ళజోడు సవరించుకొని చూచిన, అది మసక కాదు, ఆవగింజలో పదవవంతైన లేని బిందువులు లక్షలు. ఒక్కొక్కటి వెలుతురును ఒక్కొక్క దిక్కునకు చెదరగొట్టుచుండుటచే మనకు తెల్లగా తోచుచున్నది. క్రమముగా ప్రక్కప్రక్కనున్న బిందువులు తాకి ఒకటగును. ఒకటియైనది మరింత ప్రక్కవానిని మ్రింగును. ఇట్లు పెసరగింజంత కాగానే, ఇక అద్దమును పట్టుకొని నిలువలేక జారును. జారుచు దారిలోనివానినన్నిటిని ఊడ్చుకొని పోవుటచే వెనుక ఒక స్వచ్ఛమైన చార మిగులును. ఆ చారలోనుండి వీథిదీపము కనబడెడిది. అద్దపు అడుగుభాగము ముందుగాను, ఎక్కువగాను తడియును. చల్లనిగాలి బరువైనదగుటచే అద్దమువెంట క్రిందికి జారి, అడుగున నిలిచి, ఆ భాగమును మరింత చల్లబరచుచుండును. బూజు క్రింది చెక్కకు పట్టుటకును, మా ఆవకాయ జాడీకి అపకారము కలుగుటకును ఇదియే మూలము.

ఆ ఏడు క్రిస్మసు మరునాటినుండి మొదలైన చలి మార్చి తొలిదినములవరకు విడువలేదు. ఇంగ్లండు దేశమున 1740 తరువాత అంతటి శీతకాలము లేదని అప్పుడందరు చెప్పుకొనిరి. వాతావరణశాఖవారి లెక్కలును అదే పలికినవి. ఆ రోజులలో అద్దముపై నీరు నీరుగా కూడ నిలువక, గదిలోపలివైపుననే మంచుగడ్డకట్టి, తెల్లవారునప్పటికి ఈకలవలె, చిగురుటాకులవలె ముగ్గులు తీర్చియుండెడిది. సంక్రాంతి దినమున మా ఇంటిముందు లేని ముగ్గును నేనక్కడ కిటికీలో చూచుకొంటిని. అందమునకేమి గాని, ఒక గ్రాము ఆవిరి నీరగునప్పుడు తనలో దాచుకొన్న గుప్తోష్ణమును, అనగా దాదాపు 590 కెలోరీల వేడిని, అద్దమునకు అప్పగించును. అద్దము దానిని వీథికి ధారపోయును. నా షిల్లింగులు పోయిన దారులలో అదియొకటి.

ఇంత దూరము వచ్చిన తరువాత ఆ ఊరి మహనీయుని ఒకరిని తలపకపోవుట అపచారము. మాంచెస్టరు నగరమధ్యమున జాన్ డాల్టన్ పేర ఒక వీథి కలదు. పరమాణువాదకర్తగా ఆయనను బడిపిల్లలందరు ఎరుగుదురు. కాని ఆయనను పరమాణువులవద్దకు నడపినది ఈ వానయు, ఈ తేమయునేయని ఎరిగినవారు తక్కువ. 1787లో మొదలుపెట్టిన వాతావరణపు దినచర్యను ఆయన 1844 జూలైలో మరణించిన ముందునాటివరకు వ్రాయుచునే యుండెను. ఆ కడపటి పుటలోను ఆనాటి వాన సంగతియే యున్నది. గాలిలో ఎంత తేమయున్నదో తెలిసికొనుటకు ఆయన ఉపయోగించిన సాధనము మిక్కిలి సామాన్యము: ఒక పొడవైన గాజుపాత్రలో చల్లని ఊటనీరు పోయుట, వెలుపల చెమట పట్టునేమో చూచుట, పట్టినచో ఆ నీటిని వంపి, పాత్రను తుడిచి, నీరు కొంచెము వెచ్చబడిన పిదప మరల పోయుట. చెమట పట్టుట మానిన వేడిమి ఎంతయో అదియే ఆనాటి తుషారస్థానము. చేతిలో గ్లాసు, ఉష్ణమాపకము ఉన్న యెవరైనను చేయగల ప్రయోగమే. దీనినుండి ఆయన గ్రహించిన ముఖ్యాంశమొకటి కలదు. గాలి నీటిని తుండుగుడ్డవలె పీల్చుకొనునని అప్పటివారు నమ్మిరి. ఒక చోట ఉండగల ఆవిరి ఆ చోటి వేడిమినిబట్టియేగాని, అచట గాలి యుండుట లేకుండుటనుబట్టి కాదని డాల్టన్ 1801 ప్రాంతమున చూపెను. గాలి తీసివేసిన పాత్రలోను అంతే ఆవిరి పట్టును. కావున గాలి నీటిని మోయుచున్నదని నేనిందాక పలికినదంతయు వాడుక మాటయే. పెద్దలు క్షమింతురు గాక.

గడ్డిమీది మంచు ఆకాశమునుండి కురియునని మనవారును, పడమటివారును చాలకాలము అనుకొన్నదే. లండనులో వైద్యము చేయుచుండిన విలియం చార్లెస్ వెల్స్ అను ఆయన, తూచిన ఉన్నిపింజలను రాత్రులందు తోటలో అక్కడక్కడ ఉంచి, తెల్లవారి మరల తూచి చూచెను. బల్లపై ఆకాశమునకు ఎదురుగా నున్న పింజ తడిసి బరువెక్కినది. బల్లక్రిందిది అంతగా తడియలేదు. నిర్మలాకాశము క్రింద వస్తువులు తమ వేడిమిని వికిరణమువలన మింటికి కోల్పోయి, చుట్టునున్న గాలికంటె చల్లబడి, ఆ గాలిలోని ఆవిరినే తమపైకి దింపుకొనునని ఆయన 1814లో ప్రకటించెను. ధనుర్మాసపు వేకువను ఆరుబయట నిలిపిన కారు పైకప్పు తడియుటయు, పందిరిక్రింద నిలిపినది తడియకుండుటయు ఇందువలననే.

మన తీరప్రాంతములలో కిటికీ చెమట తలక్రిందులగును. విశాఖపట్నమున జ్యేష్ఠమాసపు ఉక్కలో, లోపల ఏసీ వేసికొని పడుకొన్నవారి కిటికీకి నీరు పట్టునది బయటివైపున. అక్కడ చల్లని దిక్కు లోపల, తేమగల దిక్కు బయట. ఆ గదినుండి వీథిలోనికి అడుగుపెట్టగానే నా కళ్ళజోడు మసకబారి, ఎదుటనున్న రిక్షావాడెవరో తెలియక నిలిచిపోవుదును. మాంచెస్టరు కిటికీ ముక్కుమీద ఎక్కి కూర్చున్నట్లుండును.

టొరంటోకు మరలి పోదము. మేనల్లుని ఇంట కిటికీలకు అద్దములు జంటలు. నడుమ పొడిగాలి బంధింపబడియుండును. ఇట్టి కిటికీ లోపలిముఖము ఒంటి అద్దముకంటె వెచ్చన. బయట సున్నయైనను లోపల 12, 13 డిగ్రీలకు తగ్గదు. కాని మైనస్ 15 నాటికి అదియు 7 డిగ్రీలకు దిగును, అంచులవెంట మరింత దిగును. పైగా కొత్తయిల్లు. గచ్చులోను, గోడల పూతలోను, కొయ్యలోను మిగిలిన పచ్చి మొదటి చలికాలమంతయు వెడలుచుండును. ఇంకేమి యున్నవని గ్రుచ్చి గ్రుచ్చి అడుగగా, పిల్లవానికి ముక్కు ఎండిపోవుచున్నదని గాలికి తేమనిచ్చు హ్యూమిడిఫయరును ఎక్కువలో పెట్టినామనియు, మా కోడలు ఇడ్లీలును, పప్పును, రసమును వండునప్పుడు పొయ్యిపైనున్న ఫ్యాను చప్పుడుకు చిరాకుపడి దానిని వేయదనియు, చలికి జడిసి రాత్రిపూట దళసరి తెరలు చెక్కవరకు దింపుదుమనియు ఒక్కొక్కటిగా బయటపెట్టినాడు. తెరలు దింపిన గదివెచ్చదనము అద్దమునకు అందదు. ఆవిరికి మాత్రము తెర అడ్డు కాదు. వానికి నేను చెప్పినది కొంచెమే. చలి పెరిగినకొలది ఆ తేమయంత్రమును తగ్గింపుము. వంటవేళ ఫ్యాను వేయించుము, స్నానము చేసిన తరువాతను అంతే. తెరను చెక్కకు జానెడు పైననే నిలుపుము. దినమునకు రెండుసారులు, ఐదేసి నిమిషములు, ఎదురెదురు కిటికీలు తెరువుము. గోడలు అంతలో చల్లబడవు. తుడిచిన గుడ్డను ఇంటిలో ఆరవేయకుము, ఆరవేసిన ఆ నీరే మరల అద్దమెక్కును. రెండద్దముల నడుమ, చేతికి అందనిచోట మసక కనబడినప్పుడు మాత్రము బిగింపు చెడినదని తెలిసికొని, కట్టినవానిని పిలిపింపుము.

వకీలును చూచుటకు ముందు ఒక వారము, ఏ అలవాటును మార్చక, ఉదయము కిటికీలన్నిటిని తుడిచి, గుడ్డను కొలతగ్లాసులో పిండి, వచ్చినదెంతయో వ్రాసిపెట్టుమంటిని. డాల్టన్ పేరు చెప్పలేదు, చెప్పిన విసుగుకొనును. వారము గడచినపిదప వాడే ఫోను చేసి లెక్క చదివినాడు. రోజులలో చాలవరకు పావులీటరు చొప్పున తేలినది. ఆదివారము రాత్రి స్నేహితులు పన్నెండుమంది భోజనమునకు వచ్చినారట, బిర్యానీ రెండు దఫాలుగా వండినారట. సోమవారము ఉదయము గ్లాసులోనికి ముప్పాతిక లీటరు దిగినది.

"వకీలు సంగతేమిటిరా?" అంటిని.

"ఫ్యాను వేశాను మామయ్యా" అన్నాడు.